పవిత్ర మురుగుగొట్టం సంఘం

11 సెప్టెంబరు 1976, శనివారం

మధ్యాహ్నం రెండున్నరకి పాస్టరునయ్యాను. ఆరు కొట్టేసరికి హెమ్లాక్ హాలోలో పాస్టరు కానివాళ్ళు పసిపిల్లలూ, ఆవులూ, లవీనియా ఆస్ట్రాండరూ మాత్రమే మిగిలారు.

రైతు సంఘం హాల్లో బల్ల వేసి, పడమటి రాష్ట్రంలోని ఓ సంఘం నుంచి టపాలో తెప్పించిన పాస్టరు పట్టాల కట్ట దానిమీద పెట్టాం. పేరు చెప్పడం, చెయ్యెత్తడం, సంతకం పెట్టడం. అంతే పని. రెండువందల పన్నెండుమంది. ఎనిమిదో తరగతి గట్టెక్కని నాకు జన్మలో దొరికిన మొదటి పట్టా ఇది. బంగారు రంగు అంచు కూడా ఉంది. గోడకి కొడదామంటే మా ఇంటి గోడకంటే అదే గట్టిగా కనిపించింది.

ఆలోచన నాదే. కొండ పైసగం సన్యాసుల మఠానిది. వాగు అవతల నగరంవాళ్ళ ప్రార్థనా శిబిరం. ఉత్తరాన ధ్యానమందిరం, గుర్రాలూ ఈతకొలనూ సహా. దేవుడి ఆస్తికి పన్ను లేదు. వాళ్ళు కట్టనిదంతా తిరిగొచ్చి మా పాకల మీద పడుతుంది. జూన్‌లో డాట్ నడిపే బారులో కూర్చుని అందరూ ఏడుస్తుంటే, "దేవుడేమన్నా వాళ్ళ బాబు సొత్తా? మనమూ ఆయన పేరే చెబుదాం" అన్నాను. నవ్వించడానికే అన్నాను. అందరూ నవ్వారు. లాంగ్యేర్ లాయరు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "హార్లన్, ఆ ముక్క మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఎమ్మెట్ ఆస్ట్రాండర్ పేడ బూట్లతోనే వచ్చాడు. డెబ్భై రెండేళ్ళు. కలం పట్టుకుని, "ఒరేయ్ హార్లన్, పాస్టరునయ్యాక పాలు పితికేటప్పుడు బూతులు తిట్టకూడదేమోరా" అన్నాడు.

"తిట్టొచ్చు. చివర ఆమెన్ అంటే చెల్లిపోతుంది."

హాలంతా పగలబడి నవ్వింది. సంతకం పెట్టాడు.

వెనకే ఎమ్మెట్ భార్య లవీనియా గారు, చేతులకి తొడుగులు వేసుకుని. చిన్నప్పుడు ఆదివారం బడిలో మాకు పాఠాలు చెప్పింది ఆవిడే. కానుకల పళ్ళెంలో కప్పని పెట్టినందుకు నా కుడిచెవి పట్టి తిప్పింది. వానాకాలం ఆ చెవి ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

"మీరూ ఒకటి గీకెయ్యండి లవీనియా గారూ."

"నాకు దేవుడంటే భయం హార్లన్. నీకు పన్నంటే భయం. నీ కలం నువ్వే ఉంచుకో."

సరే, ఇంటికి ఒక్క పాస్టరుంటే చాలని లాయరన్నాడు. ఎమ్మెట్ ఉన్నాడుగా.

14 సెప్టెంబరు

లాంగ్యేర్ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ప్రతి ఇల్లూ చర్చి అవ్వాలంటే చర్చికి పేరుండాలి, గుమ్మం పక్కన బోర్డుండాలి, బోర్డు మీద ఆరాధన వేళ ఉండాలి. "ఎవడూ రానక్కర్లేదు, బోర్డుంటే చాలు" అన్నాడు.

కుళాయిలూ గొట్టాలూ బాగుచేసుకునేవాడికి ఏ పేరు బాగుంటుంది? అరగంట ఆలోచించి రాశాను.

పవిత్ర మురుగుగొట్టం సంఘం
ఆరాధన: ప్రతి ఆదివారం ఉదయం 10 గంటలకు
అందరూ ఆహ్వానితులే
బూట్లు తుడుచుకోండి

పక్కింటివాడు సాయంత్రందాకా నవ్వుతూనే ఉన్నాడు. వాడి బోర్డు మీద ఉత్త 'ప్రార్థనా గృహం' అని ఉంది. బుర్రలేదు.

2 అక్టోబరు

పట్నం పేపరువాడు వచ్చాడు. బోర్డు పక్కన పట్టకారుతో ఆశీర్వదిస్తూ నిలబడ్డాను. తల దువ్వుకోవాల్సింది.

26 అక్టోబరు, మంగళవారం

ఎమ్మెట్ పోయాడు. పశువుల పాకలో, ఉదయం పాలు పితుకుతూ. సగం నిండిన బకెట్టు ఒలకలేదట.

27 అక్టోబరు

మన చర్చికి తాళం పడి ఐదేళ్ళు. పట్నం పాస్టరుని పిలవడానికి లవీనియా గారు ఫోను చేసింది. ఆయన రానన్నాడు. పేపర్లో ఫొటో చూశాడట. "ఆయనా పాస్టరేగా అమ్మా. మా కొలువుని ఎగతాళి చేసిన కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ సంఘంవాళ్ళే సాగనంపుకోవచ్చు" అన్నాడట.

ఈ ముక్క నాకు చెప్పడానికి ఆవిడ రెండు మైళ్ళు నడిచొచ్చింది. నేను మడతమంచం కింద పడ్డ మర వెతుకుతున్నాను. లేచి నిలబడలేదు, మోకాళ్ళ మీదే ఉండిపోయాను.

"ఆయన్ని పాస్టరుని చేసింది నువ్వు. నువ్వే పాతిపెట్టు."

"నాకేం వచ్చు లవీనియా గారూ? నా వేషాలు మీకు తెలుసుగా."

"శుక్రవారం పదకొండింటికి. నల్ల కోటు లేకపోతే ఎమ్మెట్‌ది వేసుకో. భుజాల దగ్గర సరిపోతుంది."

29 అక్టోబరు, శుక్రవారం

సరిపోయింది.

ఎమ్మెట్ బైబిల్లో ఆవిడ దారప్పోగు పెట్టిన చోట చదివాను. నోరు తిరగని పేర్లు రెండొచ్చాయి, దగ్గేసి దాటేశాను. పుస్తకం మూశాను. అందరూ నావైపే చూస్తున్నారు, ఇప్పుడు ఏదో ఒకటి అంటాడని. నాలుక చివర రెండు జోకులున్నాయి. రెండూ బాగున్నాయి.

అరవై ఒకటి ఫిబ్రవరిలో మా బావి పంపు పగిలినప్పుడు ఎమ్మెట్ పదకొండు రోజులు పాలక్యాన్లలో నీళ్ళు నింపి, మంచుబండి మీద లాక్కొచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడని చెప్పాను. కాఫీకి లోపలికి రమ్మంటే రాలేదని, నేను సాయం అడగనేలేదని కూడా. ఇంకేమీ చెప్పలేదు. మట్టి గట్టిపడి ఉంది, పారకి గణగణమని తగిలింది.

కోటు తిరిగి ఇవ్వబోతే ఉంచుకోమంది.

31 అక్టోబరు, ఆదివారం

బనీనుతో గుడ్లు వేయించుకుంటుంటే తలుపు చప్పుడైంది. సరిగ్గా పది. లవీనియా గారు. టోపీ, తొడుగులు, బైబిలు. గుమ్మంలో బూట్లు తుడుచుకుంటోంది.

"ఏమైనా పగిలిందా? పంపా?"

"బోర్డు మీద పదింటికి అని ఉంది."

"అదీ... లవీనియా గారూ, అదేదో లాయరు..."

"అందరూ ఆహ్వానితులే అని కూడా ఉంది. మీ గుడ్లు మాడుతున్నాయి పాస్టరు గారూ."

మీరు అంది. నన్ను. యాభై రెండేళ్ళలో ఆవిడ నోట నేను విన్నవి హార్లన్, ఒరేయ్, గాడిదా, ఈ మూడే.

పనిముట్ల పెట్టె మీద కూర్చోబెట్టాను. ఓ కీర్తన చదివాను. ఆవిడ ఒక పాట పాడింది, నేను పెదాలు కదిపాను. అయిపోయిందనుకుంటే కదలదు. "ఎమ్మెట్ కోసం ఒక్క మాట చెప్పండి" అంది. తన మేనత్తల పేర్లు ఆవులకి పెట్టి, ఏ అత్త ఎన్ని పాలిచ్చేదో సంవత్సరాల తరబడి వాళ్ళ ముందే చెప్పేవాడని చెప్పాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో మరొకటో.

పదకొండుకి లేచి, "ఒరేయ్ హార్లన్, ఆ మూకుడు నానబెట్టు, లేకపోతే వదలదు" అని వెళ్ళిపోయింది. కానుక అంటూ బల్లమీద యాపిల్ ముద్ద జాడీ ఒకటి పెట్టింది.

7 నవంబరు

వచ్చింది. ఎమ్మెట్ గురించి: ఎడమచేత్తో మేకు కొట్టడం. జాడీ: బీట్‌రూట్ పచ్చడి.

14 నవంబరు

వచ్చింది. ఈసారి పనిముట్లన్నీ ముందే కొట్టంలోకి మార్చాను. లాయరుకి మంచిదని. గది ఖాళీగా ఉంటే చర్చిలా కనిపిస్తుంది.

21 నవంబరు

వచ్చింది. పాత కుర్చీకి కొత్త కాలు వేశాను. అదీ లాయరు కోసమే.

28 నవంబరు

వచ్చింది. నిన్ననే కీర్తన ఓసారి పైకి చదివి చూసుకున్నాను. పేర్ల దగ్గర తడబడితే ఆవిడ కళ్ళు మూసుకుంటుంది, చూడలేను. ఎమ్మెట్ గురించి: పాలు పితికేటప్పుడు ఒకే రాగం తీసేవాడు, ఆవు మారినా రాగం మార్చేవాడు కాదు. ఈ సంగతి ఆవిడకి తెలియదట. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో పాకలోకి పాలవేళ ఎప్పుడూ వెళ్ళలేదట, అది ఆయన సమయమని. "ఏ రాగం?" అని అడిగింది. తీసి చూపించాను. మళ్ళీ తియ్యమంది.

9 డిసెంబరు

పన్ను వేసే రస్ కబురు తెచ్చాడు. వాడూ పాస్టరే, మాతోపాటే సంతకం పెట్టాడు, మా ఇళ్ళన్నీ జాబితా నుంచి కొట్టేసింది వాడే. ఇప్పుడు తల గోక్కుంటూ, ఎమ్మెట్ పోయాడు కాబట్టి ఆస్ట్రాండర్ల ఇల్లూ పొలమూ మళ్ళీ పన్నులోకి వస్తాయన్నాడు. ఆ ఇంట్లో ఇప్పుడు పాస్టరు లేడు.

వెంటనే పట్టా కాగితం పట్టుకుని వెళ్ళాను. వంటగదిలో యాపిల్ పైలకి పిండి పిసుకుతోంది. శుక్రవారం శుక్రవారం డాట్ బారుకి ఆ పళ్ళ రొట్టెలు చేసి అమ్ముతోందిప్పుడు.

"ఒక్క సంతకం లవీనియా గారూ. ఊళ్ళో నిజంగా దేవుణ్ణి నమ్మేది మీరొక్కరే, పన్ను కట్టేదీ మీరొక్కరే. ఇదెక్కడి న్యాయం?"

"నన్ను ఎవరూ పాస్టరుగా పిలవలేదు."

"ఎవరు పిలవాలి?"

చేతి పిండి దులుపుకుని పైకి చూపించింది.

"నన్ను మాత్రం పిలిచాడా?"

"అది నువ్వు చెప్పాలి."

"పొలం పోతుంది. ఆవులు పోతాయి."

"పోతాయేమో. దేవుడి దగ్గర ఉత్తుత్తి సంతకం పెట్టి కాపాడుకున్న పొలంలో నేను నిద్రపోలేను. నువ్వు పోగలవు, నీకు అలవాటు. ఆ గిన్నె ఇలా అందుకో."

గిన్నె అందించాను. కాగితం జేబులోనే ఉంది ఇప్పటికీ.

26 డిసెంబరు

వచ్చింది. క్రిస్మస్ మర్నాడు. మోకాళ్ళలోతు మంచు. గుమ్మందాకా నేనే దారి తవ్వాను. తవ్వకపోయినా వచ్చేదనుకుంటాను.

12 జనవరి 1977

రాష్ట్రంవాళ్ళు దావా వేశారు. ఇవన్నీ బూటకపు చర్చిలట. మార్చిలో విచారణ. లాంగ్యేర్ నా ఇంటికొచ్చి గదీ, కుర్చీ, బైబిలూ చూసి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"రెండువందల ఇళ్ళలో నిజంగా జనం వచ్చే చర్చి నీదొక్కటే! మతస్వేచ్ఛ అంటే ఇదే అని కోర్టులో నిలబెడతాను నిన్ను. ఆ ముసలావిణ్ణి ఎలా పట్టావురా బాబూ?"

నేనేం పట్టలేదని చెప్పాల్సింది. ఈల వేశాను.

21 జనవరి, శుక్రవారం

బారులో అందరూ ఉన్నారు. లాంగ్యేర్ అందరికీ పోయించాడు. "మన బిషప్పు హార్లన్!" అని గ్లాసులెత్తారు. విధవరాలు నిజంగా వస్తుందా, ఏం చేస్తుంది, ఏం పాడుతుంది, అని ఒకటే గోల. అడిగితే చెప్పాలిగా.

డాట్ మెడగుడ్డ లాక్కుని తలకి చుట్టుకున్నాను. గొంతు సన్నం చేసి పాట ఎత్తుకున్నాను. పై స్వరం దగ్గర ఆవిడ గొంతు విరుగుతుందే, అది సరిగ్గా పట్టాను. దగ్గు కూడా తాళం తప్పకుండా దగ్గాను. ఆఖర్న చేతులు కట్టుకుని, "పాస్టరు గారూ, ఎమ్మెట్ కోసం ఒక్క మాట."

నవ్వారు. రస్ కుర్చీలోంచి కింద పడ్డాడు. పదేళ్ళలో నేనింత బాగా చెయ్యలేదు.

డాట్ నవ్వలేదు. వంటగది తలుపువైపు చూస్తూ నిలబడింది. తన గుడ్డ లాక్కున్నానని కోపం కాబోలు.

22 జనవరి

నవ్వారు. నిజంగా బాగా నవ్వారు.

23 జనవరి, ఆదివారం

రాలేదు. రోడ్డు మీద మంచు అయ్యుంటుంది.

30 జనవరి, ఆదివారం

రాలేదు. మంచు.

రోడ్డు పొడిగానే ఉంది, అయినా ఈ వయసులో ఎవరు సాహసిస్తారు.

6 ఫిబ్రవరి, ఆదివారం

పది. పదింపావు. పదిన్నర. పదకొండు.

8 ఫిబ్రవరి

ఆవిడ పంపు ఎలా ఉందో చూద్దామని వెళ్ళాను. పంపు బాగానే ఉంది. ఓ వాల్వు మార్చాల్సిన పనిలేకపోయినా మార్చాను. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి చూస్తోంది. బల్లమీద పైలు పెట్టే ఖాళీ పళ్ళేలు రెండున్నాయి, డాట్ బారువి.

నేను చేతులు కడుక్కుంటుంటే చేతిసంచీ తెరిచింది.

"ఎంత అయింది మిస్టర్ డెక్కర్?"

నా ఇంటిపేరు పెట్టి పిలిచింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పనికి నేను డబ్బు తీసుకోలేదు, వాళ్ళు పాలకి తీసుకోలేదు.

"లవీనియా గారూ, నేను..."

"బోర్డు చదవడం నాకు వచ్చు. మొదటి రోజే వచ్చు. మురుగుగొట్టం అంటే ఏమిటో తెలియకుండా రాలేదు నేను. ఎవరి నోట చదివినా ఆ మాటలు ఆ మాటలే అనుకుని వచ్చాను. ఎమ్మెట్ గురించి మీరు చెప్పేది ఊళ్ళో ఇంకెవరూ చెప్పేవారు కాదు. అందుకు వచ్చాను."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. చెవి మెలితిప్పినా.

"ఆ శుక్రవారం డాట్ వంటగదిలో పైల పళ్ళెం దించుతున్నాను అప్పుడు. రెండు చేతులూ ఖాళీ లేవు, చెవులు మూసుకుందామంటే."

ఎంతో చెప్పలేదు నేను. ఆవిడే ఐదు డాలర్లు బల్లమీద పెట్టింది. తీసుకోకుండా వస్తే వాకిట్లోకి వచ్చి బండి అద్దానికీ తుడిచే పుల్లకీ మధ్య దోపింది.

13 ఫిబ్రవరి, ఆదివారం

గది చల్లగా ఉంది.

27 ఫిబ్రవరి

బోర్డు పీకేసి కొత్తది చేశాను. పేరు లేకుండా. 'ఆదివారం, పదింటికి' అని మాత్రమే. ఆవిడ డాట్ బారుకి వెళ్ళే దారి ఇదే, కనిపిస్తుంది.

లాంగ్యేర్ చూసి లబోదిబోమన్నాడు. విచారణకి రెండు వారాల ముందు బోర్డు మార్చడమేమిటి, అనుమానం రాదా, అని. "ఆవిడ ఇంకా వస్తోందిగా?" అన్నాడు.

"వస్తోంది" అన్నాను.

15 మార్చి, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపటికి నేనే దీన్ని కథగా మార్చేస్తాను.

కోర్టు హాలు కిక్కిరిసింది. మనవాళ్ళంతా నల్ల కోట్లు వేసుకొచ్చారు, కాకుల గుంపులా. నేనూ ఎమ్మెట్ కోటే. ఆవిడ వెనక వరసలో, టోపీతో. ఇద్దరినీ సాక్షులుగా పిలిచింది లాంగ్యేరే.

రాష్ట్రం లాయరు సన్నటివాడు, గొంతు కూడా మెత్తగా ఉంటుంది. పేపరు ఫొటో పైకెత్తి నా పాత బోర్డు చదివాడు. ఒక్కో మాటా విడదీసి, మర్యాదగా. బూట్లు తుడుచుకోండి దగ్గర జడ్జీ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ పట్టకారు మీ సంఘంలో పవిత్రమైనదాండీ?"

"గొట్టం పూడుకున్నప్పుడు చాలా పవిత్రం" అన్నాను.

నవ్వులు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అదే నా రోగం.

"మిస్టర్ డెక్కర్, మీరు దేవుణ్ణి నమ్ముతారా?"

లాంగ్యేర్ ఎగిరి లేచాడు. ఒక మనిషి నమ్మకం సరైనదో కాదో అడిగే హక్కు ఈ దేశంలో ప్రభుత్వానికి లేదు, మఠంవాళ్ళని అడిగారా, శిబిరంవాళ్ళని అడిగారా, అని బల్ల చరిచాడు. జడ్జీ చెయ్యెత్తి లాంగ్యేర్‌ని కూర్చోమన్నాడు. నమ్మేది నిజమా అని అడగకూడదు గానీ, నిజంగా నమ్ముతున్నాడా అని అడగొచ్చు అన్నాడు. నావైపు తిరిగి, "తొందరేమీ లేదు, ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు.

ఆలోచించుకున్నాను. ఒట్టేసి చెబుతున్నాను, జన్మలో మొదటిసారి. కీర్తన ముందురోజే చదివి చూసుకోవడం గుర్తొచ్చింది. మంచు తవ్వడం గుర్తొచ్చింది. ఆవిడ మళ్ళీ తియ్యమన్న రాగం గుర్తొచ్చింది.

"రోజంతా కాదండీ" అన్నాను. "ఆదివారం పది నుంచి పదకొండుదాకా నమ్మేవాణ్ణి."

హాలు కూలిపోయేలా నవ్వారు. మనవాళ్ళూ, వాళ్ళవాళ్ళూ. జడ్జీ సుత్తి కొట్టాడు. లాంగ్యేర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను నవ్వించడానికి అనలేదు. ఇంతకంటే నిజం నేనెప్పుడూ చెప్పలేదు. నేను చెబితే అది అలా వినిపిస్తుంది, అంతే.

ఆవిడ నవ్వలేదు. నావైపు చూసింది, కప్పని పళ్ళెంలో కనుక్కున్న రోజున చూసినట్టు.

తర్వాత ఆవిణ్ణి పిలిచారు.

"అక్కడ ఆరాధన జరిగేదాండీ?"

"జరిగేది. కీర్తన చదివేవారు. పాట పాడేవాళ్ళం. పోయినవాణ్ణి తలుచుకునేవాళ్ళం."

"వచ్చేది మీరొక్కరే. దాన్ని చర్చి అంటారా మీరు?"

"ఇంకేం కావాలి నాయనా, ఈతకొలనా?"

ఈసారి మనవాళ్ళు చప్పట్లే కొట్టారు. లాంగ్యేర్ మొహం వెలిగిపోయింది. గెలిచేశాం అని పక్కవాడి తొడ మీద కొట్టాడు.

"ఇప్పటికీ జరుగుతోందా?"

ఒక్క 'ఆఁ' చాలు. ఆవిడ తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసుకుంది.

"లేదు. జనవరి పదహారుతో ఆగిపోయింది."

"మీరు వెళ్ళడం మానేశారా?"

"నేను కాదు. పాస్టరు గారు మానేశారు."

ఎందుకని అడిగాడు. అది ఆయన్నే అడగండి అంది. నన్ను మళ్ళీ ఎవరూ అడగలేదు.

16 మార్చి

ఊరంతా ఆవిణ్ణే తిడుతోంది. ఒక్క మాట అబద్ధం ఆడితే ముసలిదాని సొమ్మేం పోయేదట. రస్ అయితే, "పన్ను తనొక్కతే ఎందుకు కట్టాలని కడుపుమంట" అన్నాడు. నేను బారులోనే ఉన్నాను. ఏదో ఒకటి అనాల్సింది. డాట్ నా గ్లాసు నిండకుండానే సీసా పక్కన పెట్టేసి, "నీ మెడగుడ్డ నాటకం గురించి ఒక్క ముక్క చెప్పలేదు చూశావా ఆవిడ" అంది, నాకు మాత్రమే వినపడేలా.

చూశాను.

19 ఏప్రిల్

తీర్పు వచ్చింది. అందరి పన్ను మినహాయింపులూ కొట్టేశారు. నాది కూడా. ఆరాధన జరిగిన కాలంలో అది చర్చి కావచ్చు, ఇప్పుడు కాదు అని రాశారు నా గురించి. రెండు వాక్యాలు. లాంగ్యేర్ చదివి వినిపించి, మడిచి నా చేతిలో పెట్టాడు. పై కోర్టుకి వెళ్దామా అని అడగలేదు నేను.

7 మే, శనివారం

ఆస్ట్రాండర్ల ఆవుల వేలం. అత్తలందరూ వెళ్ళిపోయారు. ఆఖరిది లారీ ఎక్కనని మొరాయిస్తే, పాక వెనక నిలబడి ఎమ్మెట్ రాగం తీశాను, సన్నగా. ఎక్కింది. తియ్యకుండా ఉండాల్సింది.

21 మే

పొలమూ ఇల్లూ అమ్మేసింది. కొన్నది ఉత్తరాన ధ్యానమందిరంవాళ్ళు. అతిథిగృహం చేస్తారట. రస్ జాబితాలో ఆ ఇంటి ఎదురుగా గీత కొట్టేశాడు. దేవుడి ఆస్తి కదా.

ఆ ఇంటికి ఇప్పుడు పన్ను లేదు.

28 మే, శనివారం

ఆవిడ పట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. పొయ్యి గొట్టం విప్పడానికి మనిషి కావాలని డాట్‌తో చెప్పిందట, నా పేరు చెప్పలేదు. నేనే వెళ్ళాను.

విప్పాను. మసి ఒక్క రవ్వ నేలమీద పడకుండా విప్పాను. ఇల్లంతా ఖాళీ, గోడల మీద ఫొటోలు తీసిన చోట్లు తెల్లగా ఉన్నాయి.

"ఎంత?" అంది.

"ఒక జాడీ ఇవ్వండి. ఏదైనా సరే. బీట్‌రూట్ పచ్చడైనా."

అలమర వైపు చూసింది. ఇస్తుందనుకున్నాను.

"ఈ ఏడు ఏమీ పట్టలేదు" అని చేతిసంచీ తెరిచింది.

తీసుకున్నాను. తీసుకోకపోతే ఆవిడ ఇంకోసారి నా బండిదాకా నడవాలి.

5 జూన్, ఆదివారం

మొన్న పన్ను కట్టేశాను, పూర్తిగా. ఇంక ఇది చర్చి కాదని ముద్రవేసిన రసీదు ఉంది నా దగ్గర. లాయరు లేడు, కేసు లేదు, ఫొటో తీసేవాడు లేడు. ఇప్పుడు ఏం చేసినా దానివల్ల నాకు పైసా కలిసిరాదు.

పదింటికి తలుపు తీశాను. కుర్చీ ముందుకి జరిపాను. కీర్తన చదివాను, పేర్లు తప్పకుండా. పాట పాడాను. పై స్వరం దగ్గర నా గొంతే విరిగింది, ఎవరినీ అనుకరించకుండానే.

తర్వాత ఎమ్మెట్ కోసం ఒక్క మాట. ఇది ఇంతవరకు చెప్పనిది. ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఆ రోజు హాల్లో బూతుల గురించి ఆయన అడిగాడనీ, నేను జోకు వేశాననీ, సంతకం పెట్టాడనీ రాశాను. మధ్యలో ఒకటుంది. ఆయన కలం పట్టుకుని వెనక్కి తిరిగి లవీనియా గారి వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన కలం కింద పెట్టబోయాడు. అప్పుడు వేశాను జోకు.

పైకే చెప్పాను, కుర్చీకి.

పదకొండుకి తలుపు మూశాను. మూకుడు నానబెట్టాను.